ఉగాది శుభాకాంక్షలు పేరుపేరునా పంపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా ఫాల్గుణం సగానికి వచ్చేసరికి ఇవే సందేహాలు మొదలవుతాయి. ఎప్పుడు పంపాలి, బాస్‌కి ఏం రాయాలి, అమెరికాలో ఉన్న అన్నయ్యకు ఏ టైమ్‌కి పంపాలి, ఎవరో పంపిన లింక్ నొక్కొచ్చా. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: బొమ్మ మీద పేరు అతికించినంత మాత్రాన అది ఆ మనిషి కోసం రాసినట్టు కాదు. వాళ్ళకు తప్ప ఇంకెవరికీ పంపలేని వాక్యం ఒక్కటుంటే చాలు, బొమ్మ లేకపోయినా ఫర్వాలేదు.

## పండక్కి ముందు

ఈసారి ఉగాది ఎప్పుడు? ఏ సంవత్సరం పేరు రాయాలి?

2026లో మార్చి 19, గురువారం. పేరు పరాభవ. 2027లో ఏప్రిల్ 7, బుధవారం, ప్లవంగ. ఆ తర్వాత వరసగా కీలక, సౌమ్య, సాధారణ. పేర్లు ప్రభవతో మొదలై అక్షయతో ముగిసే 60 ఏళ్ళ చక్రంలో తిరుగుతాయి, ప్రభవ 1987లో వచ్చింది, మళ్ళీ 2047లో వస్తుంది. ఏ ఏడాదికి ఏ పేరో తేల్చుకోవాలంటే ఆ సంవత్సరంలోంచి 1986 తీసేయండి: 2026కి 40 వస్తుంది, జాబితాలో 40వ పేరు పరాభవ. ఇంత చాదస్తం ఎందుకంటే, ఎక్కువమంది చేసే తప్పు ఇక్కడే. పోయినేటి బొమ్మ గ్యాలరీలో దొరికితే అదే పంపేస్తారు, దాని మీద 'విశ్వావసు' అని ఇంత పెద్ద అక్షరాల్లో ఉంటుంది, అందుకున్నవాళ్ళకు అది పాత సరుకని వెంటనే తెలిసిపోతుంది.

'పరాభవ నామ సంవత్సర శుభాకాంక్షలు' అంటే తిట్టినట్టు ఉండదా?

ఈ ఏడాదికి ఇదే పెద్ద ప్రశ్న. పరాభవం అంటే అవమానం, ఓటమి. పక్కనే శుభాకాంక్షలు అని రాయడానికి చాలామందికి చెయ్యి రావడం లేదు. అయినా పంచాంగంలో, ఆలయాల్లో, పెళ్ళి శుభలేఖల్లో ఆ పేరే రాస్తారు, అందులో తప్పేం లేదు. 2024 క్రోధి, 2019 వికారి, అప్పుడూ అలాగే రాశాం. పెద్దవాళ్ళకు, పురోహితులకు, పంచాంగం చూసే అలవాటున్నవాళ్ళకు 'శ్రీ పరాభవ నామ సంవత్సర ఉగాది శుభాకాంక్షలు' అని పూర్తిగా రాయండి. కొత్తగా వ్యాపారం పెట్టిన స్నేహితుడికో, పరీక్షల్లో ఉన్న పిల్లలకో అయితే పేరు వదిలేసి 'ఉగాది శుభాకాంక్షలు' అంటే సరిపోతుంది. పేరు లేకపోతే పండగ తక్కువైపోదు.

కాంటాక్టుల్లో ఐదొందల మంది ఉన్నారు, అందరికీ పేరుపేరునా రాయాలా?

వద్దు. రాయలేరు కూడా. మనసుపెట్టి విడిగా రాయగలిగేది ఓ పాతిక ముప్పై మందికి, అది కూడా రెండు మూడు సాయంత్రాలు కూర్చుంటే. ఆ ముప్పై మంది ఎవరో ముందు తేల్చుకోండి. నేను చూసేది ఒకటే: ఈ మనిషికి నేను ఏడాదిలో పండక్కి తప్ప ఫోన్ చేస్తానా? రోజూ మాట్లాడేవాళ్ళకు పెద్ద మెసేజ్ అక్కర్లేదు, పొద్దున ఫోన్‌లో అనేస్తారు. ఎప్పుడో ఊరు మారిన పక్కింటి ఆంటీ, పదో తరగతి మాస్టారు, పాత ఆఫీసులో పని నేర్పిన సీనియర్... విడిగా రాయాల్సింది వీళ్ళకు. మిగతా వందలమందికి స్టేటస్‌లో ఒక బొమ్మ పెట్టండి, అదేం నేరం కాదు.

జాబితా రాసేటప్పుడే పాత నంబర్లు సరిచూసుకోండి. పోయినవాళ్ళ నంబరు ఇంకా వాళ్ళ పిల్లల దగ్గరే ఉంటే, ఆయన పేరుతో వచ్చిన ఉగాది శుభాకాంక్షలు చూసి ఆ ఇంట్లోవాళ్ళకు ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

ముందు రోజే పంపేస్తే పని అయిపోతుంది కదా?

ముందు రోజు అమావాస్య. మన వైపు కొత్త అమావాస్య అంటారు. 'అమావాస్య పూట శుభాకాంక్షలేంటి' అనే పెద్దవాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరైనా ఉంటారు. ముందు రోజు రాసి పెట్టుకోండి, పండగ పొద్దున పంపండి. అర్ధరాత్రి పన్నెండుకు పంపడం జనవరి ఒకటి అలవాటు. మనకు రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి తెల్లారాక ఎప్పుడైనా మంచిదే. నన్నడిగితే తొమ్మిది, పది మధ్య పంపమంటాను. ఏడింటికి తలంటు, మామిడి తోరణాలు, పచ్చడి కోసం వేపపువ్వు దులపడం, ఇంత హడావుడిలో ఫోన్ ఎవరూ చూడరు.

అమెరికాలో ఉన్నవాళ్ళకు ఏ టైమ్‌కి పంపాలి?

ఉగాది వచ్చేనాటికి అక్కడ గడియారాలు గంట ముందుకు జరిగి ఉంటాయి. అప్పుడు న్యూయార్క్ మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక, డల్లాస్, చికాగో పదిన్నర, కాలిఫోర్నియా పన్నెండున్నర. మీరు పొద్దున ఎనిమిదింటికి పంపితే న్యూయార్క్‌లో ముందు రోజు రాత్రి పదిన్నర అవుతుంది. సాయంత్రం ఏడింటికి పంపితే వాళ్ళకు పొద్దున తొమ్మిదిన్నర, అది సరైన సమయం. కాలిఫోర్నియా వాళ్ళకు ఇంకో గంటో రెండు గంటలో ఆగండి. ఇంకో సంగతి, తిథిని అక్కడి సూర్యోదయంతో లెక్కపెడతారు కాబట్టి కొన్నేళ్ళు వాళ్ళ పండగ మనకంటే ఒకరోజు ముందే వచ్చేస్తుంది. వాళ్ళ ఊరి గుడి పంచాంగం ఏమంటుందో ముందే అడిగి తెలుసుకుంటే మంచిది.

వాళ్ళింట్లో ఈ ఏడాదే ఒకరు పోయారు. పంపాలా వద్దా?

శుభాకాంక్షలు పంపకండి. ఏడాది తిరిగేదాకా చాలా ఇళ్ళల్లో పండగ చేసుకోరు, తోరణం కట్టరు, కొందరు పచ్చడి కూడా చెయ్యరు. కానీ ఆ రోజు అసలు పలకరించకుండా ఉండటం దానికంటే బాధగా ఉంటుంది, అందరూ తప్పుకుంటున్నట్టు అనిపిస్తుంది. 'ఇవాళ మీరే గుర్తొచ్చారు వదినా, సాయంత్రం ఫోన్ చేస్తాను' అని రాసి, ఆ సాయంత్రం నిజంగా చెయ్యండి. పచ్చడి, కొత్త బట్టలు, పండగ ఫొటోలు, ఇవేవీ ఆ మాటల్లోకి రానివ్వకండి. ఫ్యామిలీ గ్రూపులో పెట్టే బొమ్మల సంగతి వేరు, అవి ఎలాగూ వస్తాయి, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

## ఏం రాయాలి

'మీకు, మీ కుటుంబ సభ్యులకు ఉగాది శుభాకాంక్షలు' తర్వాత ఏం రాయాలో తోచడం లేదు.

అక్కడే ఆగిపోతారు అందరూ. దాని తర్వాత వాళ్ళ జీవితంలో ఈ ఏడాది జరిగిన ఒక సంగతి రాయండి, లేదా మీ ఇద్దరికీ మాత్రమే తెలిసినది ఒకటి. పెద్ద సంగతి కానక్కర్లేదు. ఉదాహరణకు పిన్నికి ఇలా రాయొచ్చు:

'పిన్నీ, ఉగాది శుభాకాంక్షలు. పోయినేడు నువ్వు చెప్పినట్టే పచ్చడిలో చెరకు ముక్కలు వేశాను, చిన్నది రెండోసారి అడిగి మరీ తాగింది. బాబాయి మోకాలి నొప్పి తగ్గిందా? మెట్లు ఎక్కొద్దని నా మాటగా చెప్పు.'

ఇందులో కవిత్వం లేదు, కానీ పిన్ని దీన్ని బాబాయికి చదివి వినిపిస్తుంది. చివర ఒక ప్రశ్న ఉండటం కూడా ముఖ్యం, ప్రశ్న లేకపోతే 'సేమ్ టు యూ' తప్ప వాళ్ళకు రాయడానికి ఏమీ మిగలదు.

పాత మాస్టారికైతే: 'మాస్టారూ, నమస్కారం. ఉగాది శుభాకాంక్షలు. మా అబ్బాయికి మొన్న భిన్నాలు చెబుతూ కూర్చున్నాను, మీరు బెల్లం అచ్చు ముక్కలు చేసి చూపించిన పద్ధతే గుర్తొచ్చింది. వాడికీ అర్థమైంది. మీ ఆశీస్సులు కావాలి.'

షడ్రుచుల మీద రెండు లైన్లు పెట్టకపోతే ఉగాదిలా ఉండదేమో?

తీపి, చేదు, కష్టసుఖాలు, జీవితం... ఆ రోజు ప్రతి ఫోన్‌లోకీ ఇవే నలభై సార్లు వస్తాయి. పెట్టకండి. మరీ పెట్టాలనిపిస్తే అసలు పచ్చడి గురించి రాయండి: ఈసారి వేపపువ్వు ఎక్కడ దొరికింది, మామిడికాయ పుల్లగా ఉందా, మీ ఇంట్లో కారం వేస్తారా మిరియాలా. మెసేజ్‌లో పచ్చడి రుచి తెలియాలి గానీ దాని మీద ఉపన్యాసం ఎందుకు?

పెద్దవాళ్ళకు మనం శుభాకాంక్షలు చెప్పొచ్చా, ఆశీస్సులే అడగాలా?

రెండూ చెయ్యొచ్చు. బాగా పెద్దవాళ్ళకు 'నమస్కారం తాతగారూ' అని మొదలుపెట్టి, శుభాకాంక్షలు చెప్పి, 'మీ ఆశీస్సులు కావాలి' అని ముగిస్తే ఎవరూ వంక పెట్టరు. చిన్నవాళ్ళకు మనం రాసేటప్పుడు 'ఆశీస్సులతో' అని కిందపెట్టి సంతకం చేసే పద్ధతి ఉత్తరాల కాలం నుంచీ ఉంది, వాట్సాప్‌లో కూడా ముచ్చటగానే ఉంటుంది. వయసులో మీకంటే రెండేళ్ళు పెద్దవాళ్ళను ఆశీస్సులు అడిగితే మాత్రం వాళ్ళు నొచ్చుకోవచ్చు, ముఖ్యంగా వదినలు.

బాస్‌కి, క్లయింట్‌కి ఏం రాస్తే బాగుంటుంది?

చిన్నదిగా. రెండు వాక్యాలు దాటొద్దు. ఉగాది సరిగ్గా మార్చి ఇయర్ ఎండింగ్ చుట్టుపక్కల వస్తుంది కాబట్టి పని గురించి ఒక మాట సహజంగా కలుస్తుంది: 'సర్, ఉగాది శుభాకాంక్షలు. ఆడిట్ హడావుడిలో కూడా మా లీవులు ఆపనందుకు థాంక్స్, పండక్కి ఊళ్ళో ఉన్నాను.' ఇంక్రిమెంట్ ప్రస్తావన, పెండింగ్ బిల్లు ప్రస్తావన ఆ రోజు వద్దు. శుభాకాంక్షల కింద బిల్లు గుర్తుచేసేవాళ్ళను చూశాను, డబ్బు వచ్చిందేమో గానీ పండగ మెసేజ్ మాత్రం పనికిరాకుండా పోయింది.

పేరు ఎలా రాయాలి? అందరికీ 'గారు' పెట్టాలా?

మీరు నోటితో ఎలా పిలుస్తారో అలాగే రాయండి. మేనత్తను 'అత్తయ్యా' అని పిలిచేవాళ్ళు మెసేజ్‌లో 'లక్ష్మిగారికి' అని రాస్తే బ్యాంకు నుంచి వచ్చినట్టుంటుంది. కాంటాక్టులో 'ప్లంబర్ అన్న' అని సేవ్ చేసుకున్న మనిషికి అసలు పేరు కనుక్కుని రాయండి, ఆయన సంతోషిస్తాడు. భార్యాభర్తలిద్దరూ మీకు తెలిసినవాళ్ళైతే ఇద్దరినీ పలకరించండి, 'అన్నయ్యకు, వదినకు' అని. 'మరియు ఫ్యామిలీ' అని రాస్తే ఆవిడ పేరు మీకు తెలియదని చెప్పినట్టే.

తమిళ స్నేహితుడికి కూడా ఉగాది అనే రాయొచ్చా?

వాళ్ళకు అది కొత్త సంవత్సరం కాదు. తమిళుల పుత్తాండు, మలయాళీల విషు సౌరమానం ప్రకారం ఏప్రిల్ నడుమ వస్తాయి, అప్పుడు గుర్తుపెట్టుకుని పంపితే దాని విలువే వేరు. కన్నడిగులకు మన రోజే యుగాది, మరాఠీలకు అదే రోజు గుడి పాడ్వా, సింధీలకు ఆ రోజుల్లోనే చేటీ చంద్. ముస్లిం స్నేహితుల విషయంలో క్యాలెండర్ చూడండి. 2025లో ఉగాది మార్చి 30న వస్తే మర్నాడే రంజాన్ వచ్చింది, అలాంటప్పుడు మన పండగ మెసేజ్ పంపేసి వాళ్ళ పండగ మర్చిపోవడం బాగుండదు.

రాశిఫలం కలిపి పంపితే సరదాగా ఉంటుంది కదా?

దగ్గరి స్నేహితుల మధ్య చాలా బాగుంటుంది. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం అంకెలు చూసి ఒకర్నొకరు ఏడిపించుకోవడం ఉగాది సరదాలో సగం. వ్యయం ఎక్కువున్న వాడికి 'ఈ ఏడాది టిఫిన్ బిల్లులు నీవే' అని రాయొచ్చు. కానీ వాళ్ళ రాశి మీకు ఖాయంగా తెలిసుండాలి, పేరు మొదటి అక్షరం చూసి ఊహించొద్దు. ఆరోగ్యం బాగోలేనివాళ్ళకు, ఉద్యోగం పోయినవాళ్ళకు, బాస్‌కి వద్దే వద్దు. ఏలినాటి శని గురించి పండగ పూట ఎవరికీ గుర్తు చెయ్యకండి.

ఏఐతో రాయించుకుంటే తప్పా?

తప్పేం లేదు. కాకపోతే 'ఉగాదికి మంచి మెసేజ్ రాయి' అని అడిగితే నూతన ఆశలు, సరికొత్త ఉషోదయాలు తప్ప ఏమీ రావు. వాక్యాలు కూర్చడం రానివాళ్ళు ముందు సంగతి తాము చెప్పి, ఆ తర్వాత సరిచేయించుకోవాలి. 'మా మావయ్య రిటైరయ్యాడు, ఊళ్ళో పెరటి తోట పెట్టాడు, బెండకాయలు పంపాడు, మూడు వాక్యాల్లో రాయి' అంటే వచ్చేది కాస్త మనిషి రాసినట్టుంటుంది. వచ్చినదాన్ని పైకి చదవండి. మీరు నోటితో అనని మాట ఏదైనా ఉంటే కొట్టేయండి.

తెలుగులో టైప్ చెయ్యడం రాదు, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేయనా?

స్నేహితులకు ఫర్వాలేదు. పెద్దవాళ్ళకు మాత్రం తెలుగు అక్షరాల్లోనే రాయండి, చాలామంది ఇంగ్లిష్ అక్షరాల తెలుగును కూడబలుక్కుని చదవలేక వదిలేస్తారు. జీబోర్డ్‌లో తెలుగు పెట్టుకుంటే ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టినా తెలుగు వస్తుంది, మైక్ నొక్కి చెప్పినా రాసుకుంటుంది. నోటితో చెప్పించినప్పుడు పేర్లు తప్పు పడతాయి, పంపేముందు చూసుకోండి. 'శుభాకాంక్షలు'లో భ వత్తు కూడా.

## బొమ్మ, కార్డు, గొంతు

బొమ్మ మీద తెలుగు పేరు రాస్తే అక్షరాలు విడివిడిగా పడుతున్నాయి, ఏం చెయ్యాలి?

'శ్రీ' రాస్తే శ పక్కన పొల్లు, ఆ పక్కన విడిగా రీ వస్తుంటే లోపం యాప్‌లో ఉంది, మీలో కాదు. కొన్ని ఎడిటింగ్ యాప్‌లకు ఒత్తులు కలపడం రాదు. ఇంకో యాప్‌లో ప్రయత్నించండి, లేదా పేరును నోట్స్‌లో పెద్ద అక్షరాల్లో రాసి స్క్రీన్‌షాట్ తీసి బొమ్మ మీద పెట్టండి. అది మొరటు పద్ధతే, కానీ పని జరుగుతుంది. ఫాంట్లకు డబ్బు పెట్టక్కర్లేదు: రామభద్ర, మండలి, సురన్న, పెద్దన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. పేరుకు రామభద్ర లాంటి లావు అక్షరం, కింద మాటలకు మండలి బాగా కుదురుతాయి.

నెట్‌లో దొరికిన బొమ్మ వాడుకోవచ్చా? ఏఐ బొమ్మలు?

ఎవరి పేరో, లోగోనో కింద ఉన్న బొమ్మను కత్తిరించి మీ పేరు పెట్టుకోకండి, అది వాళ్ళ పని. ఏఐ బొమ్మలతో ఇంకో చిక్కు ఉంది. ఉగాది పచ్చడి గిన్నె అడిగితే వేపపువ్వు బదులు మల్లెపూలు వేస్తుంది, మామిడాకుల తోరణం అడిగితే ఏవో అరటాకుల ముక్కలు కడుతుంది, వెనకాల దీపావళి ప్రమిదలు వరసగా వెలుగుతుంటాయి, ఇక తెలుగు అక్షరాలైతే అవి ఏ భాషో తెలియదు. పంపేముందు పెద్దది చేసి చూడండి. నిజానికి మీ గుమ్మానికి మీరు కట్టిన తోరణం ఫొటో, పక్కన ముగ్గు సగం చెరిపేసిన పిల్లాడితో సహా, వీటన్నిటికంటే మేలు.

దేవుడి బొమ్మ పెట్టాలా?

ఫోన్‌లో పంపేదానికి మీ ఇష్టం. అచ్చు కార్డు మీద మాత్రం ఆలోచించండి. పండగయ్యాక దాన్ని చెత్తలో వెయ్యలేరు, దాచుకోలేరు, ఇబ్బంది పడతారు. కలశం, మామిడాకులు, వేపకొమ్మ చాలు.

పంపిన బొమ్మ అవతలివాళ్ళకు మసకగా వెళ్తోంది.

వాట్సాప్ బొమ్మ సైజు తగ్గించి పంపుతుంది. పంపేటప్పుడు పైన హెచ్‌డీ గుర్తు నొక్కండి, లేదా డాక్యుమెంట్‌గా పంపండి. ఇంకొకరు ఫార్వర్డ్ చేసిన బొమ్మను స్క్రీన్‌షాట్ తీసి దాన్ని మళ్ళీ పంపితే ప్రతిసారీ ఇంకాస్త మసకవుతుంది. స్టేటస్‌కి నిలువు బొమ్మ చేసుకోండి, 1080 బై 1920 కొలతలో, లేకపోతే పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి.

ఒక లింక్ వచ్చింది, నొక్కితే పంపినవాళ్ళ పేరుతో పూలు, టపాసులు, పాట వచ్చాయి. కింద 'మీ పేరు రాయండి' అని ఉంది. రాసి అందరికీ పంపొచ్చా?

ముందు అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే మోజు కాస్త తగ్గుతుంది. మీరు పేరు రాయగానే ఆ పేరు లింక్ చివర చేరుతుంది. అవతలివాళ్ళు తెరిచినప్పుడు ఆ పేజీ లింక్‌లోంచి పేరు తీసుకుని తెర మీద పెద్దగా చూపిస్తుంది, అంతే. పెట్టినవాళ్ళకు లాభం ప్రకటనల నుంచి, మీరు పంపినకొద్దీ వాళ్ళకు చూసేవాళ్ళు పెరుగుతారు. పేరు మీదే, పూలు మీవే, మధ్యలో కనిపించే లోన్ యాప్ ప్రకటన కూడా మీరు పంపినట్టే. పెద్దత్తయ్యకు అది పంపాలా?

అన్నీ మోసాలని కాదు. కానీ పేరు తప్ప ఇంకేం అడిగినా అక్కడే మూసేయండి: ఫోన్ నంబరు, నోటిఫికేషన్ల పర్మిషన్, 'పదిమందికి షేర్ చేస్తే బహుమతి', 'పూర్తి గ్రీటింగ్ కోసం యాప్ వేసుకోండి'. చివరిది మరీ ప్రమాదం. ప్లే స్టోర్ బయట నుంచి వచ్చే ఏపీకే ఫైల్ (యాప్‌ను నేరుగా ఫోన్‌లోకి ఎక్కించే ఫైల్) వేసుకుంటే అది మీ ఎస్సెమ్మెస్‌లు చదవగలదు, అంటే బ్యాంకు ఓటీపీలు కూడా. శుభాకాంక్షల పేరుతో, పెళ్ళి శుభలేఖ పేరుతో ఇలాంటి ఫైళ్ళు తిరుగుతుంటాయి, తెలిసినవాళ్ళ నంబరు నుంచే రావచ్చు, ఎందుకంటే వాళ్ళ ఫోన్ అప్పటికే చిక్కి ఉంటుంది. ఇప్పటికే వేసుకుని ఉంటే ముందు నెట్ ఆపేయండి, యాప్ తీసేయండి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యండి, అది సైబర్ నేరాల హెల్ప్‌లైన్, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

కాగితం కార్డు ఈ రోజుల్లో ఎవరైనా పంపుతారా?

పంపేవాళ్ళు తక్కువ కాబట్టే పంపండి. అందరికీ కాదు, ఇద్దరికో ముగ్గురికో. వారం పదిరోజుల ముందే డబ్బాలో వెయ్యండి, పిన్‌కోడ్, ఫోన్ నంబరు రాయండి. ఇంకాస్త సరదా కావాలంటే తపాలా శాఖవాళ్ళ మై స్టాంప్ ఉంది, మీరిచ్చిన ఫొటోతో స్టాంపులు అచ్చు వేసి ఇస్తారు, 12 స్టాంపుల షీటు. అమ్మమ్మ ఫొటో స్టాంపుగా వేసి అమ్మమ్మకే కార్డు పంపితే ఆ కవరు ఊళ్ళో అందరి చేతులూ తిరిగి వస్తుంది. గుర్తింపు కార్డు అడుగుతారు, అన్ని పోస్టాఫీసుల్లో చెయ్యరు, ముందే కనుక్కోండి.

తాతయ్యకు చదవడం కష్టం. వాయిస్ మెసేజ్ చాలా?

ఫోన్ చెయ్యడం అన్నిటికంటే మంచిది. కుదరకపోతే వాయిస్, అర నిమిషం లోపు. రాసుకుని చదవకండి, చదువుతున్నట్టు వినగానే తెలిసిపోతుంది. పిల్లల చేత చెప్పించేటప్పుడు వెనకనుంచి 'చెప్పు, చెప్పు, ఉగాది అను' అని మీ గొంతు వినపడుతుంది చూడండి, దాన్ని కత్తిరించొద్దు. తాతయ్యలు మళ్ళీ మళ్ళీ వినేది అదే.

## పంపేటప్పుడు

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పెడితే విడివిడిగా వెళ్ళినట్టే కదా?

చూడటానికి విడిగానే వెళ్తుంది, ఒక్కో లిస్టులో 256 మంది దాకా. కానీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది, మిగతావాళ్ళకు వెళ్ళదు, వెళ్ళలేదని మీకు తెలియదు. పేరు కూడా వెయ్యదు. అన్నిటికంటే ముఖ్యం, అందులో 'మీరు గుర్తొచ్చారు' లాంటి మాటలు రాయకండి. అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఫోన్లు చూసుకుంటే అదే వాక్యం ఇద్దరికీ ఉంటుంది.

టైమ్ పెట్టి దానంతట అదే వెళ్ళేలా చెయ్యొచ్చా?

టెలిగ్రామ్‌లో, గూగుల్ మెసేజెస్‌లో, జీమెయిల్‌లో పంపే బటన్ దగ్గరే షెడ్యూల్ చేసే వీలుంది. వాట్సాప్‌కి ఇదే పని చేస్తామని వచ్చే బయటి యాప్‌లు ఫోన్‌లో యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడుగుతాయి, అంటే మీ తెర మీద ఉన్నదంతా చూసే హక్కు. ఒక పండగ మెసేజ్ కోసం అంత ఇవ్వక్కర్లేదు. ముందు రోజు రాత్రే ఒక్కొక్కరి చాట్ తెరిచి మెసేజ్ రాసి పంపకుండా వదిలేయండి, డ్రాఫ్ట్‌గా ఉండిపోతుంది. పొద్దున వరసగా పంపుతూ పోవడమే.

మాకు షాపు ఉంది. వందలమంది కస్టమర్లకు పేరుతో పంపాలంటే?

ఈమెయిల్ అయితే షీట్‌లో పేర్లు పెట్టి మెయిల్ మెర్జ్ చేసుకోవచ్చు, అంటే ఒక్కో మెయిల్‌లో ఒక్కో పేరు దానంతట అదే పడుతుంది. ముందు మీకే రెండు పంపి చూసుకోండి, 'ప్రియమైన' తర్వాత ఖాళీగానో, బ్రాకెట్లతోనో వెళ్తే పరువు పోతుంది. ఎస్సెమ్మెస్‌లు గంపగుత్తగా పంపాలంటే మన దేశంలో డీఎల్‌టీ అనే టెలికాం కంపెనీల నమోదు పోర్టల్‌లో వ్యాపారాన్ని, పంపే పేరును, మెసేజ్ నమూనాను ముందే నమోదు చేసుకోవాలి, కాబట్టి పండగ ముందు వారం మేలుకుంటే కుదరదు. వాట్సాప్‌లో దొంగ సాఫ్ట్‌వేర్లతో వందలకు వందలు పంపితే నంబరు బ్యాన్ అవుతుంది, పదేళ్ళుగా బోర్డు మీద రాసి ఉన్న నంబరు పోతే తిరిగి తెచ్చుకోవడం కష్టం. నా సలహా: ఎప్పుడూ వచ్చే ఇరవై మంది కస్టమర్లకు మీరే స్వయంగా రాయండి. 'పాపకు పోయినేడు తీసుకున్న పట్టు పరికిణీ పొట్టయిందా అమ్మా' అని అడిగితే డిస్కౌంట్ బోర్డు కంటే బాగా పనిచేస్తుంది.

ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను, మళ్ళీ విడిగా పంపాలా?

గ్రూపులో వంద బొమ్మల కింద మీది ఉంటుంది, ఎవరు చూశారో తెలియదు. పెద్దవాళ్ళకు విడిగా ఒక మాట రాయండి. మిగతావాళ్ళకు గ్రూపు చాలు.

## పంపాక

ఒకరి మెసేజ్ ఇంకొకరికి వెళ్ళిపోయింది!

టెన్షన్ పడకండి. పేరు తప్పు ఒక్కటే అయితే వాట్సాప్‌లో పంపిన 15 నిమిషాల లోపు ఎడిట్ చెయ్యొచ్చు. మొత్తం తప్పైతే 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' నొక్కండి, దానికి రెండు రోజుల గడువుంటుంది. 'డిలీట్ ఫర్ మీ' నొక్కారా, మీ దగ్గర పోతుంది, వాళ్ళ దగ్గర ఉంటుంది. అప్పటికే చదివేసి ఉంటే 'ఇది మా పెద్దమ్మకు రాసింది, మీకు రాసింది ఇదిగో' అని రెండోది పంపేయండి.

అంత రాసినా 'థాంక్స్, సేమ్ టు యూ' అని వచ్చింది.

వస్తుంది. ఆ రోజు వాళ్ళకూ వందలు వచ్చి ఉంటాయి, బొటనవేలితో తోసుకుంటూ పోతుంటారు. వెంటనే ఇంకో మెసేజ్ పంపి లాగకండి. చాలాసార్లు రెండు రోజులు పోయాక, పండగ సద్దుమణిగాక, అసలు జవాబు వస్తుంది.

ఉగాది అయిపోయి నాలుగు రోజులైంది, ఇప్పుడు పంపితే నవ్వుతారా?

నవ్వరు. పాడ్యమి నుంచి శ్రీరామనవమి దాకా వసంత నవరాత్రులే, ఆ తొమ్మిది రోజుల్లో ఎప్పుడు పంపినా పండగలో పంపినట్టే. ఆలస్యానికి కారణాలు పేరాలు పేరాలు రాయొద్దు, 'కాస్త ఆలస్యంగా' అన్న మాట చాలు. నవమి కూడా దాటిపోయిందా, అప్పుడు ఉగాది మాట ఎత్తకుండా మామూలుగా పలకరించండి.

నాకొచ్చిన మెసేజ్‌లన్నిటికీ జవాబివ్వాలా?

ఫార్వర్డ్ చేసిన బొమ్మకు దండం గుర్తు చాలు, అసలు ఇవ్వకపోయినా ఎవరూ లెక్క పెట్టుకోరు. మీ పేరు పెట్టి, మీ సంగతి అడిగి రాసినవాళ్ళకు మాత్రం ఆ రోజు కాకపోయినా ఆ వారంలో జవాబు రాయండి, అడిగినదానికి సరిగ్గా. మోకాలి నొప్పి గురించి అడిగితే మోకాలి నొప్పి గురించి.